పిచ్చే మ్యాచ్ ఆడేస్తుంటే ఇక మనవాళ్ళు ఆడేదేంటి?

బీటీఎం_బాబ్జీ

నిన్న ఆఫీసులో భోజనాల దగ్గర మొదలైన గొడవ ఇంకా తలలోంచి పోవట్లేదు. మా టీమ్‌లో ఒక చెన్నై కుర్రాడు ఉన్నాడు. టెస్ట్ మ్యాచ్ అంటే ఇప్పుడు టాసూ పిచ్చూ అంతేనట, మిగతా పదకొండు మందీ సాక్షి సంతకాలు పెట్టడానికి వస్తారట. ఒళ్ళు మండింది కానీ ఎదురు చెప్పడానికి నోరు రాలేదు.

ఎందుకంటే 2024 అక్టోబర్‌లో న్యూజిలాండ్ మ్యాచ్‌కి నేను బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో ఉన్నాను. మొదటి రోజు టికెట్ కొంటే వానకి ఒక్క బంతి పడలేదు. రెండో రోజుకి ఒక ఫ్రెండ్‌ని బతిమాలి ఇంకో టికెట్ సంపాదించి, మేనేజర్‌కి జ్వరమని చెప్పి వెళ్ళాను. లంచ్‌కి ముందు సమోసా కోసం లైన్లో నిలబడ్డాను. వెళ్ళేటప్పుడు పడ్డవి మూడు వికెట్లు. సమోసా పట్టుకుని వచ్చేసరికి 34కి ఆరు. చివరికి 46 ఆలౌట్. సొంత గడ్డ మీద మన టీమ్ ఎప్పుడూ అంత తక్కువకి పడిపోలేదు. ఆ రికార్డు నా టికెట్ డబ్బులతో చూశాను.

2025 నవంబర్‌లో కోల్‌కతాలో దక్షిణాఫ్రికా మీద 124 కొట్టాల్సి ఉంటే 93కే చాప చుట్టేశాం. కోరి చేయించుకున్న పిచ్ మీద మనమే పడటం ఏంటసలు? గెలుపోటముల్లో పిచ్ వాటా ఎంత? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

ఇందులో నా స్వార్థం కూడా ఉంది. వచ్చే శనివారం హొసకోటె దగ్గర టర్ఫ్ వికెట్ (చాప కాదు, అసలు మట్టి పిచ్) మీద మా ఆఫీస్ మ్యాచ్. నేనే కెప్టెన్. టాస్ గెలిస్తే ఏం తీసుకోవాలి?

డకౌట్_దత్తు

టాస్ ఓడిపో. ఆ తలనొప్పి ఎదుటివాడిది.

సిల్లీపాయింట్_సుబ్బు

బాబ్జీ, ఆ 46ని పిచ్ ఖాతాలో రాయకు. అది పూర్తిగా నిర్ణయం తప్పు. వానల వల్ల పిచ్ కవర్ల కింద మగ్గిపోయింది. కవర్ కింద ఉన్న తేమ ఎక్కడికీ పోదు, పైన మబ్బు. అలాంటి పొద్దున టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్నాం. పిచ్‌ని సరిగా చదవలేకపోయానని రోహిత్ శర్మే ఆ సాయంత్రం ప్రెస్ ముందు ఒప్పుకున్నాడు. పదికి పది వికెట్లూ పేసర్లకే. మ్యాట్ హెన్రీకి 5, ఒరూర్క్‌కి 4, సౌథీకి 1.

అదే పిచ్ మీద రెండో ఇన్నింగ్స్‌లో మనం 462 కొట్టాం. సర్ఫరాజ్ 150, పంత్ 99. పిచ్‌లో దయ్యం ఉంటే రెండ్రోజుల్లో ఎవరు వదిలించారు మరి?

డకౌట్_దత్తు

ఎండ.

సిల్లీపాయింట్_సుబ్బు

ఈసారి దత్తు జోక్ వేసినా నిజమే చెప్పాడు.

నైట్‌వాచ్‌మన్_నాని

చిన్నస్వామిలో నీళ్ళు పీల్చేసే సబ్‌ఎయిర్ మిషన్ ఉందిగా, వాన ఆగిన కాసేపటికే ఆట మొదలవుతుంది అంటారు. మరి పిచ్ ఎందుకు ఆరలేదు?

సిల్లీపాయింట్_సుబ్బు

నాని, అది గ్రౌండ్‌లో నిలిచిన నీళ్ళని కిందికి లాగుతుంది. ఆటగాళ్ళు జారిపడకుండా పనికొస్తుంది. కవర్ కప్పి ఉంచిన పిచ్‌కి ఎండ తగలాలి, గాలి తగలాలి. దానికి మిషన్ లేదు.

ఆదోని_అబ్బాయి

ఈ థ్రెడ్ చూస్తే మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన పక్కనే ఉన్నాడు కూడా, ఇప్పుడు మారతహళ్ళిలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. నలభై ఏళ్ళు నల్లరేగడిలో పత్తి పండించిన మనిషి. క్రికెట్ రూల్స్ సగం తెలియవు, ఎల్బీడబ్ల్యూ అంటే ఇప్పటికీ అంపైర్ దయ అనుకుంటాడు.

ఆ 46 మ్యాచ్ రోజు టీవీలో పిచ్ రిపోర్ట్ వస్తోంది. కామెంటేటర్ వంగి వేలితో నొక్కి చూపిస్తున్నాడు. నాన్న కాఫీ తాగుతూ చూసి, "ఒరేయ్, ఆ నేల ఇంకా పదును మీదే ఉండాది. మబ్బు కూడా పట్టింది. ఈపొద్దు దాని జోలికి ఎవురన్నా పోతారా?" అన్నాడు. అరగంటకి మనవాళ్ళు బ్యాటింగ్ అని తెలిసింది. "వీళ్ళ ఇళ్ళల్లో సేద్యం చేసినోళ్ళు ఎవురూ లేరా?" అని లేచి స్నానానికి పోయాడు. వచ్చేసరికి సగం మంది ఔట్.

సేద్యం తెలియనివాళ్ళ కోసం: పదును అంటే నేలలో నాగలి దిగడానికి సరిపడా తడి ఉండటం. మరీ బురద కాదు, మరీ పొడి కాదు. పిచ్ తయారుచేసేవాళ్ళు రోలర్ తిప్పేది కూడా ఆ పదును చూసుకునే. తడి ఎక్కువైతే రోలర్‌కి మట్టి అంటుకుని లేచొస్తుంది. బాగా ఆరిపోయాక ఎన్నిసార్లు తిప్పినా మట్టి లోపల బిగుసుకోదు. ఆట మొదలయ్యే సమయానికి ఆ పదును ఇంకా పోకపోతే సీమ్ బౌలర్‌కి పండగ. బంతి కుట్టు మెత్తటి నేలలో కాస్త దిగబడి, అటో ఇటో కొడుతుంది. ఎటు కొడుతుందో వేసినవాడికే తెలియదు, ఇక ఆడేవాడికేం తెలుస్తుంది.

లెగ్‌బై_లక్ష్మి

ఆదోని, మీ నాన్నగారిని సెలక్షన్ కమిటీలో వేయాలి.

సుబ్బు గారి మాటతో మాత్రం నాకు సగమే పొత్తు. నిర్ణయం తప్పే, కాదనను. కానీ మబ్బు వల్ల గాలిలో తిరిగే బంతి వేరు, నేల మీద పడి తిరిగే బంతి వేరు. మనవాళ్ళు రెండూ కలిపి పిచ్ నెత్తిన రుద్దేస్తారు. గాలిలో తిరగడం, అంటే స్వింగ్, పిచ్ చేసే పని కాదు. అడిలైడ్‌లో 2020 డిసెంబర్‌లో 36కి ఆలౌట్ అయ్యాం గుర్తుందా? ఆ రోజు పిచ్‌ని తిట్టినవాళ్ళు పెద్దగా లేరు. హేజల్‌వుడ్, కమిన్స్ వేసిన ప్రతి మంచి బంతికీ మన బ్యాట్ అంచు దొరికింది, అంతే.

వైజాగ్_వంశీ

అసలు ఎర్రమట్టి, నల్లమట్టి అని కామెంటరీలో తెగ చెప్తారు. తేడా ఏంటి? నాకు టీవీలో రెండూ ఒకే గోధుమ రంగులో కనిపిస్తాయి.

ఆదోని_అబ్బాయి

నాన్నని అడిగి రాస్తున్నా, ఇంజనీరింగ్‌లో చదివిన ముక్క కూడా కలుపుతున్నా.

నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలు ఇస్తుంది. మా చేలో ఎండాకాలం నెర్రెల్లో అరచెయ్యి పట్టేది. కానీ నెర్రెకీ నెర్రెకీ మధ్య ఉన్న పెళ్ళ రాయిలా ఉంటుంది. అందుకే నల్లమట్టి పిచ్ చూడటానికి భయంకరంగా ఉన్నా చాలాసేపు విడిపోకుండా నిలబడుతుంది. బంతి మాత్రం నెమ్మదిగా, కిందగా వస్తుంది. నెర్రె అంచు మీద పడ్డ బంతి ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ లేదు.

ఎర్రనేల అంతగా ఉబ్బదు, నీళ్ళు త్వరగా వదిలేస్తుంది. బాగా రోల్ చేస్తే గట్టిగా మోగుతుంది, బంతి మీదికి లేస్తుంది. ఆరిపోయాక మాత్రం పైపొర పొడిపొడిగా రాలుతుంది. స్పిన్నర్ బంతి వేసినచోట చిన్న దుమ్ము లేస్తుంది చూడండి, అది. అక్కడ బంతి తిరగడమే కాదు, లేచి చేతి గ్లవ్ దగ్గరికొస్తుంది.

గడ్డి సంగతి వేరే ఉంది. బతికున్న గడ్డి వేళ్ళు మట్టిని కుట్టుపెట్టినట్టు పట్టి ఉంచుతాయి. కాబట్టి గడ్డి గొరిగేస్తే పిచ్ త్వరగా విడిపోతుంది. స్పిన్ పిచ్ కావాలంటే చేసేది ఎక్కువగా అదే. గడ్డి గొరగడం, నీళ్ళు మానేయడం.

వైజాగ్_వంశీ

సూపర్ అన్నా. ఇంతకీ నెర్రెల్లో తాళంచెవి గుచ్చి చూపించే కామెంటేటర్ టోనీ గ్రెగ్ ఇందుకేనా! చిన్నప్పుడు ఆయన తాళం పోయిందేమో అనుకునేవాణ్ణి.

మాంబళం_మాస్టారు

నేను చెన్నైలో స్థిరపడి ముప్పై ఏళ్ళు దాటింది, సొంతూరు నెల్లూరు. బాబ్జీ ఆఫీసులోని మా ఊరి కుర్రాడికి నా తరఫున రెండు మ్యాచ్‌లు చెప్పండి. రెండూ ఇక్కడి చెపాక్ స్టేడియంవే, రెండూ నాలుగో ఇన్నింగ్స్ ఛేదనలే.

1999 జనవరిలో పాకిస్తాన్‌తో మ్యాచ్. మనకి 271 కావాలి. బంతి తిరుగుతోంది, సక్లైన్ ముష్తాక్ చెలరేగిపోతున్నాడు. సచిన్ వెన్నునొప్పితో మెలికలు తిరుగుతూ 136 కొట్టాడు. 254 దగ్గర ఏడో వికెట్‌గా ఔటయ్యాడు. ఇంకా 17 పరుగులు. ఆ తర్వాత ముగ్గురూ కలిసి చేర్చింది నాలుగు. 12 పరుగులతో ఓడాం. స్టేడియంలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం, ఆ తర్వాత లేచి నిలబడి పాకిస్తాన్ జట్టుకి చప్పట్లు. నా పక్కన కూర్చున్న అయ్యర్ గారు ఒకపక్క కళ్ళు తుడుచుకుంటూనే చప్పట్లు కొట్టారు.

2008 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌తో. కావలసింది 387. నాలుగో సాయంత్రం సెహ్వాగ్ 68 బంతుల్లో 83 బాదేసి మ్యాచ్ తెరిచిపెట్టాడు. 131కి ఒకటి. ఐదో రోజు బంతి బౌలర్ల అడుగుజాడల్లో పడి తిరుగుతోంది, ఇంగ్లండ్‌కి పనేసర్, స్వాన్ ఇద్దరున్నారు. మామూలుగా అయితే ఎవరైనా ఓడిపోతారు. సచిన్, యువరాజ్ ఇద్దరూ చివరిదాకా నిలబడి ఆరు వికెట్లతో గెలిపించారు. సచిన్ గెలుపు ఫోర్‌తోనే సెంచరీ పూర్తిచేశాడు. ఆ రోజు వికెట్ల మధ్య పరుగులు చూడాలి మీరు. స్వీప్ కొట్టడం, ఒకటి తీయడం, బౌలర్‌ని ఒకే చోట ఆరు బంతులు వేయనివ్వకపోవడం.

ఊరు అదే, బంతి తిరగడం అదే. ఒకటి ఓడాం, ఒకటి గెలిచాం. పిచ్చే నిర్ణయించేస్తుందనే కుర్రాడు ఈ రెండింటికీ ఏం జవాబు చెప్తాడు?

డకౌట్_దత్తు

మాస్టారూ, "సచిన్ ఉండాలి" అని చెప్తాడు.

మాంబళం_మాస్టారు

రెండింట్లోనూ ఉన్నాడు కదా నాయనా.

లెగ్‌బై_లక్ష్మి

మాస్టారు చెప్పిన రెండూ ఐదు రోజుల్లో మెల్లగా అరిగిన పిచ్‌లు. బాబ్జీ అడిగేది మొదటి గంట నుంచే దుమ్ము లేచే పిచ్‌ల గురించి. అక్కడ లెక్క వేరు.

బంతి మామూలుగా తిరిగే పిచ్ మీద అశ్విన్‌కీ మామూలు స్పిన్నర్‌కీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. అశ్విన్ గాలిలో మోసం చేస్తాడు, వేగం మారుస్తాడు, క్రీజు వాడతాడు. అతి ఎక్కువగా తిరిగే పిచ్ మీద ఆ విద్యలేవీ అక్కర్లేదు. వికెట్ల మీదికి వేస్తే చాలు, ఒకటి తిరుగుతుంది, ఒకటి నేరుగా పోతుంది, మిగతాది పిచ్ చూసుకుంటుంది. 2004లో ముంబైలో మైకేల్ క్లార్క్ 9 పరుగులకి 6 వికెట్లు. 2021లో అహ్మదాబాద్‌లో జో రూట్ 8 పరుగులకి 5. ఇద్దరూ బ్యాటర్లే, ఇద్దరూ వేసింది 6.2 ఓవర్లే. 2017లో పుణేలో ఆస్ట్రేలియా స్పిన్నర్ ఓకీఫ్ 70 పరుగులకి 12, మనం 105, 107.

మన స్పిన్నర్లు గొప్పవాళ్ళయితే వాళ్ళ గొప్పతనం బయటపడే పిచ్ కావాలి. అది మరీ చెడిపోయిందయితే ఎదుటివాడి పార్ట్‌టైమర్ కూడా మనవాడితో సమానం అయిపోతాడు. కోల్‌కతాలో జరిగింది అదే. హార్మర్ మంచి బౌలరే, ఎనిమిది వికెట్లు తీశాడు. కానీ ఆ పిచ్ మ్యాచ్‌ని లాటరీ చేసేసింది. మొత్తం మ్యాచ్‌లో అర్ధసెంచరీ కొట్టింది బవుమా ఒక్కడే, 55 నాటౌట్.

సిల్లీపాయింట్_సుబ్బు

లక్ష్మి గారూ, ఆ లాటరీ తర్వాత గువాహటిలో ఆడారు కదా. అక్కడ దక్షిణాఫ్రికా 489 కొట్టింది. అంటే పిచ్ బాగుందనేగా. మనం 201, 140. ఓటమి 408 పరుగులతో. పరుగుల లెక్కలో మనకి అంతకన్నా పెద్ద ఓటమి లేదు. చెడ్డ పిచ్ మీదా ఓడాం, మంచి పిచ్ మీదా ఓడాం. ఇక్కడ పిచ్ కన్నా మన బ్యాటర్ల కాళ్ళు కదలకపోవడం పెద్ద సమస్య.

లెగ్‌బై_లక్ష్మి

గువాహటి విషయంలో నా దగ్గర జవాబు లేదు. మూసుకున్నా.

నైట్‌వాచ్‌మన్_నాని

మూసుకోవద్దండీ, థ్రెడ్ చచ్చిపోతుంది.

ఉప్పల్_టు_ఇందిరానగర్

పిచ్ తిరిగినా బ్యాట్‌తో జవాబు చెప్పొచ్చు అనడానికి మా ఉప్పల్ సాక్ష్యం. 2024 జనవరి. ఇంగ్లండ్ 246కి ఆలౌట్, మనకి 190 ఆధిక్యం. నేను నాలుగో రోజుకి టికెట్ కొన్న స్నేహితుణ్ణి "డబ్బు దండగ, మూడో రోజే అయిపోతుంది" అని ఎగతాళి చేశాను. ఓలీ పోప్ స్వీపూ రివర్స్ స్వీపూ కొడుతూ 196 చేశాడు. తర్వాత మొదటి టెస్ట్ ఆడుతున్న టామ్ హార్ట్‌లీ 62కి 7. 28 పరుగులతో పోయాం. వాడు ఇప్పటికీ నాకు నెలకోసారి ఆ టికెట్ ఫొటో పంపుతాడు.

వైజాగ్_వంశీ

దాని తర్వాతి మ్యాచ్ మా వైజాగ్‌లో, ఆ బాకీ తీర్చింది మేమే 😎 జైస్వాల్ 209, బుమ్రా 45కి 6. పోప్‌కి వేసిన యార్కర్‌కి స్టంపులు రెండు లేచాయి. పాత బంతి మామూలుకి ఎదురు దిక్కున వంగే రివర్స్ స్వింగ్‌కి పిచ్ మెత్తగా ఉంటే ఏంటి, గట్టిగా ఉంటే ఏంటి. గొప్ప బౌలర్ పిచ్‌ని ఆటలోంచి తీసేస్తాడు.

సిల్లీపాయింట్_సుబ్బు

వంశీ, సగం కరెక్ట్. బంతి రివర్స్ అవ్వాలంటే ఒకపక్క గరుకెక్కాలి. ఎండిన, గరుకు పిచ్, గడ్డి తక్కువ ఉన్న చుట్టుపక్కల నేల ఉంటేనే అది త్వరగా జరుగుతుంది. పచ్చటి తివాచీ లాంటి ఇంగ్లండ్ గ్రౌండ్లలో అంత తొందరగా గరుకెక్కదు. కాబట్టి అక్కడ కూడా పిచ్ చెయ్యి ఉంది. 2021లో చెపాక్‌లో ఆండర్సన్ ఒకే ఓవర్లో గిల్‌నీ రహానేనీ బౌల్డ్ చేశాడు చూడు, అదీ అంతే.

బీటీఎం_బాబ్జీ

మంచి మాట వచ్చింది. 2021 చెపాక్‌లో ఇంగ్లండ్‌తో రెండు మ్యాచ్‌లు వరసగా జరిగాయి. మొదటిది 227తో ఓడాం, రెండోది 317తో గెలిచాం. వారం రోజుల్లో ఊరు మారలేదు, జట్లు పెద్దగా మారలేదు. మరి పిచ్ కాకపోతే ఏం మారింది?

లెగ్‌బై_లక్ష్మి

మొదటి దాంట్లో రెండు రోజులు పిచ్ రోడ్డులా ఉంది. టాస్ ఇంగ్లండ్ గెలిచింది, రూట్ 218, మొత్తం 578. ఆ తర్వాతే పిచ్ విడిపోవడం మొదలైంది. అప్పుడు టాస్ విలువ చాలా ఎక్కువ, ఆ మ్యాచ్ వరకు మీ కొలీగ్ మాట ఒప్పుకుంటా. రెండో మ్యాచ్‌లో మొదటి రోజు నుంచే తిరిగింది. అయినా రోహిత్ 161 కొట్టాడు, అశ్విన్ తన సొంతూళ్ళో సెంచరీ కొట్టి ఎనిమిది వికెట్లు తీశాడు. ఇంగ్లండ్ 134, 164. ఆడలేని పిచ్ అని వాళ్ళు గోల చేస్తున్నప్పుడు ఎనిమిదో నంబర్‌లో దిగిన అశ్విన్ 106 కొట్టేశాడు.

మాంబళం_మాస్టారు

చెపాక్‌లో ఎర్రమట్టి పిచ్‌లూ ఉన్నాయి, నల్లమట్టి పిచ్‌లూ ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో బంగ్లాదేశ్‌తో ఆడింది ఎర్రమట్టి మీద. మొదటి రోజు పేసర్ హసన్ మహ్మూద్ దెబ్బకి 144కి ఆరు. మళ్ళీ అశ్వినే, 113. నాలుగో రోజు అదే పిచ్ మీద అదే అశ్విన్ బంతితో 88కి 6. నాకు నచ్చే పిచ్ ఇదీ. మొదట పేసర్‌కి, మధ్యలో బ్యాటర్‌కి, చివర స్పిన్నర్‌కి. ముగ్గురికీ వంతు వస్తుంది.

డకౌట్_దత్తు

బ్యాటర్‌కీ బౌలర్‌కీ ఇద్దరికీ వంతు వస్తే రెండూ అశ్వినే తీసుకున్నాడు. ఇదేం న్యాయం.

బోరుబావి_బాలు

మనమేదో పాపం చేసినట్టు రాస్తున్నారేంటి అందరూ. అందరూ చేసేదే ఇది. 2024లో పాకిస్తాన్ ముల్తాన్‌లో 556 కొట్టి ఇన్నింగ్స్ తేడాతో ఓడింది. ఇంగ్లండ్ 823 కొట్టింది, బ్రూక్ 317. వెంటనే రెండో టెస్ట్‌ని అదే అరిగిపోయిన పిచ్ మీద పెట్టి, పెద్దపెద్ద ఫ్యాన్లు వేసి ఆరబెట్టారు. సాజిద్ ఖాన్, నోమాన్ అలీ ఇద్దరే 20 వికెట్లూ తీసేశారు. రావల్పిండిలో అయితే హీటర్లు కూడా పెట్టారు. సిరీస్ 2-1తో వాళ్ళదే.

నైట్‌వాచ్‌మన్_నాని

వానాకాలంలో మా పీజీలో బట్టలు కూడా అలాగే ఆరబెడతాం. సిరీస్ మాత్రం గెలవలేదు.

బోరుబావి_బాలు

ఇంకోటి. ఆస్ట్రేలియాలో రెండు రోజుల్లో మ్యాచ్ అయిపోతే "వాహ్ బౌన్స్" అంటారు, ఇక్కడ మూడు రోజుల్లో అయిపోతే "చెడ్డ పిచ్". 2025లో ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ ఆడిన యాషెస్ సిరీస్‌లో పెర్త్‌లో మొదటి రోజే 19 వికెట్లు, రెండో రోజుకి మ్యాచ్ క్లోజ్. ఐసీసీ ఇచ్చిన రేటింగ్ ఏంటో తెలుసా? "వెరీ గుడ్".

లెగ్‌బై_లక్ష్మి

బాలు గారూ, అదే యాషెస్‌లో మెల్‌బోర్న్ కూడా రెండు రోజుల్లో అయిపోయింది. దానికి "అన్‌శాటిస్‌ఫాక్టరీ" అని డీమెరిట్ పాయింట్ ఇచ్చారు. గడ్డి 10 మిల్లీమీటర్లు వదిలేశారు, 36 వికెట్లు పడ్డాయి. కేప్‌టౌన్‌లో 2024 జనవరిలో మనం గెలిచిన మ్యాచ్ 642 బంతుల్లో ముగిసింది, ఫలితం వచ్చిన టెస్టుల్లో అంత చిన్నది లేదు. దానికీ అదే రేటింగ్. కాబట్టి విదేశాల్లో ఏం చేసినా వదిలేస్తారనడం నిజం కాదు.

ఐసీసీ చూసేది ఎన్ని రోజుల్లో ముగిసిందని కాదు, బంతి ఒకే ఎత్తులో వస్తోందా లేదా అని. పెర్త్‌లో బంతి వేగంగా వచ్చింది కానీ నమ్మి ఆడొచ్చు. ట్రావిస్ హెడ్ రెండో రోజే 123 కొట్టి చూపించాడు. గుడ్ లెంగ్త్‌లో, అంటే బ్యాటర్‌కి ముందుకెళ్ళాలో వెనక్కెళ్ళాలో తేలనిచోట, పడ్డ ఒక బంతి ముక్కుకి, అక్కడే పడ్డ ఇంకో బంతి చీలమండకి వస్తే దాన్ని క్రికెట్ అనలేం.

బోరుబావి_బాలు

కేప్‌టౌన్ పిచ్ మీద మార్‌క్రమ్ 106 కొట్టాడుగా. మరి అదెందుకు చెడ్డది?

లెగ్‌బై_లక్ష్మి

ఒకడు కొట్టాడు. మిగతా పదిమందిని చూడండి. మొదటి ఇన్నింగ్స్‌లో సిరాజ్ 15కి 6, దక్షిణాఫ్రికా 55 ఆలౌట్. మనం కూడా 153 దగ్గర ఒక్క పరుగు చేయకుండా ఆరు వికెట్లు పారేసుకున్నాం.

బోరుబావి_బాలు

సిరాజ్ మనోడు కాబట్టి ఆ మ్యాచ్‌ని ఏమీ అనకండి.

ఉప్పల్_టు_ఇందిరానగర్

ఈ ఒక్క విషయంలో బాలుతో వంద శాతం ఏకీభవిస్తున్నా.

మోడరేటర్

ఐపీఎల్ పిచ్‌ల గురించి వచ్చిన ఏడు పోస్టులు వేరే థ్రెడ్‌కి మార్చాను. ఇక్కడ ఎర్రబంతి, అంటే టెస్టులు మాత్రమే.

డకౌట్_దత్తు

పింక్ బంతి?

మోడరేటర్

దత్తూ, నీకు మూడు రోజులు సెలవు కావాలా?

సిల్లీపాయింట్_సుబ్బు

పిచ్‌లు ఇలా మారడానికి ఒక కారణం ఎవరూ చెప్పలేదు. 2019 నుంచి వరల్డ్ టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఉంది. ఇప్పుడు గెలిస్తే 12 పాయింట్లు, డ్రా అయితే 4. సొంతగడ్డ మీద డ్రా అంటే ఎనిమిది పాయింట్లు చేజేతులా పారేసుకున్నట్టే. అందుకే ఎవరూ ఐదు రోజులు సాగే చప్పటి పిచ్ ఇవ్వరు. మూడు రోజుల్లో ఓడినా పర్లేదు, డ్రా మాత్రం వద్దు అన్నట్టు తయారయ్యారు.

మాంబళం_మాస్టారు

మీ ఊరి మ్యాచ్ ఒకటి చెప్పకుండా ఈ చర్చ పూర్తికాదు. 1987 మార్చి, చిన్నస్వామి, గవాస్కర్ ఆఖరి టెస్ట్. అప్పటికి నేను నెల్లూరులో ఉద్యోగంలో చేరిన కొత్త, ఎదురింటి వాళ్ళ టీవీ ముందు పదిహేను మందిమి. పాకిస్తాన్ మొదట 116కే ఆలౌట్, మణీందర్ సింగ్ 27కి 7. అంత తిరిగే పిచ్ మీద చివరికి మనకి 221 కావాల్సి వచ్చింది. ఇక్బాల్ ఖాసిం, తౌసీఫ్ అహ్మద్ ఇద్దరూ చెరో తొమ్మిది వికెట్లు తీశారు ఆ మ్యాచ్‌లో.

గవాస్కర్ 96. ఆయన ఆడిన తీరు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. బ్యాట్ పిడిని పై చేత్తో గట్టిగా, కింది చేత్తో వేళ్ళ కొసలతో వదులుగా పట్టుకునేవాడు. బంతి ఎంత తిరిగి లేచినా బ్యాట్‌కి తగిలి ఆయన కాళ్ళ దగ్గరే చచ్చిపడేది. దగ్గర నిలబడ్డ ఫీల్డర్లు ముందుకి వాలి చేతులు చాచినా అందేది కాదు. తిరిగిన బంతిని వెంటాడేవాడు కాదు. బీట్ అయితే అయ్యాడు. ఇప్పటి పిల్లలు బంతి తిరిగితే దాని వెనకే బ్యాట్ తీసుకెళ్ళి స్లిప్‌కి అందిస్తున్నారు. ఆఖరికి ఒక బంతి లేచింది, స్లిప్‌లో దొరికిపోయాడు. 16 పరుగులతో ఓడాం. ఎదురింటావిడ టీవీ కట్టేసి, అందర్నీ ఇళ్ళకి పొమ్మంది.

లెగ్‌బై_లక్ష్మి

మాస్టారూ, ఆ చేతుల వర్ణన చాలు, ఈ థ్రెడ్‌కి వచ్చినందుకు.

నా అనుభవం కూడా ఒకటి. కాలేజీ రోజుల్లో నేను ఆడిందంతా మ్యాటింగ్ మీద. మ్యాట్ మీద బంతి ఎప్పుడూ నడుము దాకా లేస్తుంది, కట్ షాట్ కొట్టడం అలవాటైపోయింది. మొదటిసారి టర్ఫ్ మీద ఆడినప్పుడు మొదటి షార్ట్ బాల్‌కే వెనక్కి వెళ్ళి కట్‌కి బ్యాట్ ఎత్తాను. బంతి లేవలేదు. మడమ ఎత్తులో జారి మధ్య స్టంప్‌ని ముద్దుపెట్టుకుంది. డగౌట్‌లో కోచ్ ఒక్క మాట అనలేదు, టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు.

నైట్‌వాచ్‌మన్_నాని

నాది అంతకన్నా ఘోరం. పోయిన ఆగస్టులో ఒక వీకెండ్ టోర్నీ. ఎంట్రీ ఫీజు పూర్తిగా ముందే లాగేశారు. పిచ్ మీద వేసిన టార్పాలిన్‌కి చిరుగు ఉంది. సరిగ్గా గుడ్ లెంగ్త్‌లో పళ్ళెం అంత తడి మచ్చ. "ఏం కాదు సార్, రంపపు పొట్టు వేశాం" అన్నారు. అవతల వేసేది పొట్టిగా ఉన్న మీడియం పేసర్, కీపర్ స్టంపుల దగ్గరే నిలబడ్డాడు. రెండో బంతి ఆ మచ్చ మీద పడి నా బొటనవేలు విరగ్గొట్టింది. ఆరు వారాలు కట్టు. డబ్బులు వాపస్ అడిగితే "మ్యాచ్ జరిగిందిగా" అన్నారు. కుడి బొటనవేలు లేకుండా ఫోన్‌లో ఓటీపీ కొట్టి చూడండి, తెలుస్తుంది పిచ్ విలువ.

బీటీఎం_బాబ్జీ

నానీ, భయపెట్టావు. నా శనివారం మ్యాచ్ సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఈ వారమంతా సాయంత్రాలు వాన పడుతోంది ఇక్కడ.

ఆదోని_అబ్బాయి

నాన్న చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నా. "బొటనేలితో నొక్కి చూడమను. గుంట పడి, యేలికి తడి తగిల్తే బౌలింగ్. నొక్కినా దిగకపోతే బ్యాటింగ్. పిడికెడు మన్ను తీసి ఉండ చేసి చూస్తే ఇంకా మంచిది." ఉండ చేయొద్దులే బాబ్జీ, గ్రౌండ్ వాళ్ళు తంతారు.

సిల్లీపాయింట్_సుబ్బు

రెండో ఇన్నింగ్స్‌కి ముందు రోలర్ అడిగి తీసుకో. టెస్టుల్లో అయితే బ్యాటింగ్ కెప్టెన్ ఏడు నిమిషాలదాకా అడగొచ్చు. కానీ పైపొర అప్పటికే పొడిగా రాలుతుంటే బరువు రోలర్ వద్దు, ఇంకా విడగొడుతుంది.

డకౌట్_దత్తు

హొసకోటెలో రోలర్ అంటే ఎవరిదైనా ఎస్‌యూవీ అడగాలి.

బీటీఎం_బాబ్జీ

మ్యాచ్ అయిపోయింది. రిపోర్ట్ ఇస్తున్నా.

పొద్దున్నే ఆరున్నరకి వెళ్ళి అందరూ చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుని బొటనవేలితో నొక్కాను. గుంట పడింది, వేలికి తడి తగిలింది. మా చెన్నై వాడు వెనకాల నుంచి "నిశ్చితార్థమా?" అన్నాడు. టాస్ గెలిచాను. బౌలింగ్ తీసుకున్నాను. మొదటి నాలుగు ఓవర్లలో బంతి అటూ ఇటూ కొట్టింది, రెండు వికెట్లు పడ్డాయి, నేను మీ అందర్నీ మనసులో తలుచుకున్నాను.

తొమ్మిదింటికి ఎండ వచ్చింది. పది గంటలకి అదే చోట నొక్కితే నా గోరు నొప్పి పుట్టింది. వాళ్ళు 25 ఓవర్లలో 211. మేము 140.

డకౌట్_దత్తు

46 దాటారు కదా, మనవాళ్ళకన్నా మేలే.

ఆదోని_అబ్బాయి

నాన్నకి చదివి వినిపించాను. "ఎండ పొద్దు ఎక్కినాక వస్తాదని వాన్ని ఎవురు అడగొద్దన్నారు?" అంటున్నాడు. మళ్ళీ మ్యాచ్ ఎప్పుడు?

బీటీఎం_బాబ్జీ

వచ్చే ఆదివారం, సర్జాపుర వైపు. నాన్నని తీసుకురా. క్యాబ్ డబ్బులు నావి.